చివరి ఓవర్లు వేసింది నువ్వే

యాదగిరీ, తప్పు నీదే. ఆరేళ్లు ఇంకొకడి పేరుతో బౌలింగ్ చేసి ఒక్కనాడూ నోరు విప్పలేదు.

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళే కాజీపల్లి మైదానంలో మన ఫ్యాక్టరీ ఉత్తమ బౌలర్‌కు షీల్డ్ ఇచ్చింది. ఆఖరి ఓవర్లకు దిగే ముగ్గురినీ గత ఏళ్ల స్కోరు పుస్తకాల్లో పోల్చి చూశారు. మిగతా ఇద్దరూ దిగిన మ్యాచుల్లో సగం కూడా గెలవలేదు. మూడోవాడు దిగితే నాలుగింట మూడు గెలిచాం. పుస్తకంలో వాడి పేరు సత్తయ్య, పర్మనెంటు వాడు. బంతులు వేసింది నువ్వు, కాంట్రాక్టు వాడివి. పర్మనెంటు వాళ్లే ఆడాలన్నది రూలు. మెషీన్ దగ్గర కాంట్రాక్టు చేతులు కావాలి, పుస్తకంలో పేరు మాత్రం వద్దు!

"పేరుల ఏమున్నదే అన్నా, గెల్సినం గద," అనేవాడివి.

సత్తయ్య షీల్డ్ తెచ్చి నా ముందు పెట్టాడు. "నేనెన్నడు బంతి పట్టిన్నే కెప్టెన్? ఇది ఇంట్ల పెట్టుకుంటే పిల్లలకు ఏం చెప్పాలె?"

అలిసిపోయాను. అయినా రేపు మేనేజర్‌కు ఇవి రాసిస్తాను:

పుస్తకాల్లో సత్తయ్య పేరు కొట్టేసి యాదగిరి అని రాయాలి.
షీల్డ్ యాదగిరి భార్యకు ఇవ్వాలి.
కాంట్రాక్టు కార్మికులను సొంత పేర్లతో ఆడనివ్వాలి, పర్మనెంటు చేయాలి.
ఆరేళ్లు ఆ తప్పుడు పేరు రాయించిన కెప్టెన్‌ను, అంటే నన్ను, జట్టు నుంచి తీసేయాలి.