మూడో మెట్టుకి తీగ చుట్టిన నిచ్చెన

బెర్లిన్, మే 9

చిట్టితల్లి ఎల్కేకి నాన్న ముద్దులు. మోకాలు నా మాట వింటోంది, బెంగపెట్టుకోకు. సంతోషం పట్టలేక గబగబా రాస్తుంటే అక్షరాలు వంకరపోతున్నాయి.

యుద్ధం నాటి సంగతులు, ఊరు రెండు ముక్కలైన సంగతులు చెబుతూ వీధులన్నీ తిప్పే గుంపుతో ఇవాళ నడిచాను. ఊరిని చీల్చిన గోడ ఉండిన మా పాత వీధిలో ఆ చెప్పే అమ్మాయి ఒక ఫోటో చూపించింది. నిచ్చెనెక్కిన ఒకావిడ పసిబిడ్డను పైకెత్తి గోడ అవతలికి చూపిస్తోంది.

"వీళ్ళెవరో ఎవరికీ తెలియదు" అంది.

"ఆ నిచ్చెన నాదమ్మా. మూడో మెట్టుకి తీగ చుట్టింది నేనే" అన్నాను.

"మరి మీరేరి తాతగారూ?"

"నిచ్చెన పట్టుకుని వంగున్న ఆ వీపు నేనే."

ఆ బిడ్డవి నువ్వే తల్లీ, ఎత్తింది మీ అమ్మ. ఆ ఫోటోలోనే, గోడ అవతల నాలుగో అంతస్తు కిటికీలో, అటువైపే చిక్కుకుపోయిన మీ నానమ్మ తెల్ల దుప్పటి ఊపుతోంది. నిచ్చెన జారుతుందన్న భయంతో ఆనాడు నేను తలెత్తలేదు. "అత్తయ్య చూసింది, దుప్పటి ఊపింది" అని మీ అమ్మ ఎంత చెప్పినా, "కళ్ళజోడు లేకపోతే నీకు ఏనుగే కనపడదు" అని నలభై రెండేళ్ళు వెక్కిరించాను. ఆ చలికాలమే నానమ్మ పోయింది. నిన్ను చూడకుండానే పోయిందనుకుంటూ బతికాను.

పూలకుండీలకి నీళ్ళు పోస్తున్నావా? నేలమాళిగలో ఉన్న ఆ నిచ్చెనని చెత్తకి వేస్తానన్నావు, వేశావో ఊరుకోను. ఈ కార్డు అమ్మకి గట్టిగా చదివి వినిపించు, ఏనుగు మాటతో సహా. నానమ్మ కళ్ళారా చూసుకున్న బిడ్డవి, నూరేళ్ళు చల్లగా ఉండు.

మీ నాన్న ఎవాల్డ్