కొత్త రికార్డులో దుమ్ము లేదు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు ప్రాణం పెట్టుకున్న ఆ ఇంగ్లీషు రాక్ ఆల్బమ్‌ను రీమాస్టర్ చేసి, అంటే పాత శబ్దాన్ని శుభ్రం చేసి, కొత్త రికార్డుగా మళ్ళీ వేశారు. నీ స్నేహితుడు బెంగళూరు నుంచి తెచ్చి పెట్టాడు.

"ఇనప్పా, గొంతు ఎంత తేటగా ఉండాదో!" అన్నాడు.

నిజమే. మన పాతదాంట్లో అనంతపురం దుమ్మంతా చిటపటలాడేది. ఆషాఢం గాలికి నువ్వు పాట మధ్యలోనే, "తలుపెయ్‌రా, దుమ్ము పడతాండాది!" అని అరిచేవాడివి. ఇవాళ ఎవరూ అరవకుండానే లేచి తలుపేశాను.

ఇందులో పాటగాడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడుతోంది. కడుపు మండిపోయింది నాకు. అతనూ చచ్చిపోయినవాడే కదా! అతని వాళ్ళు ఆ ఊపిరిని కూడా తుడిచి, మెరుగుపెట్టి దాచుకున్నారు. నాకు తలుపెయ్యమన్న నీ అరుపైనా మిగల్లేదు.