మాడింది నా చేతివల్ల కాదు

నల్లపాడు,
మార్చి 9.

నాన్నకు, కోపం పట్టలేక అలేఖ్య రాస్తున్నది.

ప్రత్తిపాడు నుంచి ఇక్కడికి గంట కూడా పట్టని దారికి ఉత్తరమేమిటని అమ్మ నవ్వుతుంది. నవ్వనివ్వు. ఫోను చేస్తే నువ్వు ఎత్తగానే స్పీకర్లో పెడతావు. వసారాలో కూర్చున్న వాళ్ళంతా వింటారు. నేను “నాన్నా” అనేలోపే అంకమ్మరావు బాబాయి “ఏమ్మాయ్, ఇయ్యాళ ఏం మాడ్చావ్?” అంటాడు. అందరూ నవ్వుతారు, అందరికంటే గట్టిగా నువ్వు నవ్వుతావు. కాగితానికి స్పీకరు లేదు కాబట్టి రాస్తున్నాను. నువ్వొక్కడివే కూర్చుని చదువు.

పోయిన గురువారం బిందుమాధవి అక్క గృహప్రవేశంలో నువ్వు చేసిన పని గుర్తుందా? ఆ ఇంటి ముందుభాగం గీసింది నేను. గోడ లేవకముందే ఆ ఇల్లు ఎలా ఉంటుందో, ఏ రంగు, ఎండ ఎటునుంచి పడుతుంది, నీడ ఎక్కడ వాలుతుంది, అన్నీ కంప్యూటర్లో బొమ్మ చేసి చూపిస్తాను. రెండేళ్లుగా నా బతుకుతెరువు అదే. ఆ ఇల్లు కట్టిన అల్లాబక్షు మేస్త్రి మన పంక్తిలోనే భోంచేస్తున్నాడు. తను కట్టబోయే పన్నెండు ఇళ్ళకూ బొమ్మలు నన్నే చెయ్యమని మాట కదిపాడు. సరిగ్గా అప్పుడే నువ్వు పెరుగన్నం కలుపుకుంటూ, “మేస్త్రీ, మా పిల్ల చెయ్యి పడితే ఏదైనా మాడాల్సిందేనయ్యా! చిన్నప్పుడు పత్తి మాడ్చింది, ఇప్పుడు కంప్యూటర్ని మాడుస్తంది. దాని స్పీడు పెంచుతా ఉందంట!” అన్నావు. పంక్తి పంక్తంతా నవ్వింది. మేస్త్రి కూడా నవ్వి, “చూద్దాంలేమ్మా, మీ నాయినే అట్టా అంటుంటే” అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. విస్తరి ముందునుంచి లేవలేక, తినలేక అలాగే కూర్చున్నాను.

తర్వాత రెండుసార్లు ఫోను చేసి బతిమాలితే, ముందు ఒక్క ఇల్లు చేసి ఇరవయ్యో తారీఖుకి చూపించమన్నాడు. “మధ్యలో మిషను కాలిపోయిందంటే మాత్రం నేను గుంటూర్లో చూసుకుంటా” అని కూడా అన్నాడు. ఆ మాట అతని నోట్లో పెట్టింది నువ్వు.

స్పీడు పెంచుతున్న మాట నిజమే. ఎందుకు పెంచాల్సి వచ్చిందో ఎప్పుడైనా అడిగావా? తమ్ముడు శశిభూషణ్ ఇంజనీరింగులో చేరితే వాడికి కొత్త కంప్యూటరు కొన్నావు. వాడు వదిలేసిన పాతది “బొమ్మలు గీసుకోవడానికి ఇది చాల్లే” అని నాకిచ్చావు. దాని ప్రాసెసరుకు, అంటే లెక్కలన్నీ చేసే దాని మెదడుకు, పదేళ్లు దాటాయి. ఎనిమిది కోర్లున్నాయి, అంటే ఎనిమిదిమంది కూలీలు ఒకేసారి చేలో దిగినట్టు పనిచేస్తుంది. అయినా ఒక్క ఇంటి బొమ్మ పూర్తి కావడానికి దానికి పదకొండు గంటలు పడుతుంది. గుంటూరు షాపుల్లో రెండు గంటల్లో ఇస్తున్నారు. నాకు కొత్తది కొనిపెట్టేవాళ్ళు లేరు కాబట్టి ఉన్నదాన్నే గట్టిగా పనిచేయించడం నేర్చుకున్నాను.

గుడ్డిగా పెంచలేదు నాన్నా. మూడున్నర గిగాహెర్ట్జ్ స్పీడు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టే ఎక్కాను. మెట్టు ఎక్కినప్పుడల్లా గంటసేపు పరీక్షపెట్టి, వేడి ఎంతుందో నోటుబుక్కులో రాసుకున్నాను. స్పీడు పెంచితే కరెంటు ఎక్కువ కావాలి, కరెంటు ఎక్కువైతే వేడి పెరుగుతుంది. అందుకే ప్రాసెసరు మీద వేడి లాగడానికి పూసే పేస్టు ఎండిపోయి ఉంటే గీకేసి కొత్తది పూశాను. పెద్ద ఫ్యాను వెతికి తెచ్చి బిగించాను. ఇక్కడ గాలిలో మిరపకాయల దుమ్ము ఎలా ఉంటుందో నీకు తెలుసు. వారానికోసారి ఫ్యాను రెక్కల్లోంచి ఎర్రటి దుమ్ము ఊది, తుమ్మి తుమ్మి కళ్ళు వాచిపోతాయి. కిటికీకి అమ్మ పాత వాయిల్ చీర కట్టాను. నాలుగున్నర దగ్గర ఒకసారి బిగుసుకుపోతే వెంటనే నాలుగూ పాయింట్ మూడుకి దిగిపోయాను. ఇది మాడ్చే మనిషి చేసే పనేనా?

ఇంకొకటి కూడా చెప్పాలి, నోరు రావడం లేదు. ఇప్పుడది మూడు గంటలు బాగా నడుస్తుంది. తర్వాత నీరసపడి, నాలుగో గంటలో టక్కున ఆగిపోతుంది. తెర మీద వేడి చూస్తే యాభై ఎనిమిది డిగ్రీలే. అది ఎక్కువేం కాదు. ఎందుకు ఆగుతోందో నాకు అంతుపట్టడం లేదు. ఈ సంగతి నీకు చెబితే నీ మాటే గెలిచినట్టవుతుందని తెలుసు. అయినా చెబుతున్నాను. జరిగింది జరిగినట్టు చెప్పడం నాకు అలవాటు.

నీకు ఆ అలవాటు లేదు. నేను పదో తరగతిలో ఉండగా వసారాలో పత్తి గుట్ట పోశాం. వానొస్తుందని, మంచుకి తడిసిన పత్తి కూడా అందులోనే కలిపి పట్టా బిగించి కట్టించింది నువ్వు. మర్నాడు పిల్లిపిల్ల లోపల దూరిందేమోనని నేను పట్టా ఎత్తి మోచేతిదాకా చెయ్యి పెట్టాను. కాలింది. పరిగెత్తుకొచ్చి “నాన్నా, పైన చల్లగానే ఉంది, లోపల కాలిపోతంది, తీసి ఆరబోద్దాం” అన్నాను. “నీకేం తెలుసు, పోయి చదువుకో” అని కసిరావు. నాలుగో రోజు పట్టా తీస్తే గుట్ట నడుమంతా పసుపు తిరిగి ఉంది. కొనడానికి వచ్చినవాడు అరిస్తే, అంతమందిలో నువ్వు నా వైపు చెయ్యి చూపించి, “మా పిల్ల తడి పత్తి తెచ్చి పోసింది” అన్నావు. పదిహేనేళ్ల పిల్లని. తొమ్మిదేళ్లుగా పెళ్ళిళ్లలో, పేరంటాల్లో అదే కథ చెప్పి నవ్విస్తున్నావు.

నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకో. అప్పటిదాకా ఫోను చెయ్యను, ఇంటికి రాను.

నీ కూతురు,
అలేఖ్య


ప్రత్తిపాడు,
మార్చి 13.

చిరంజీవి అలేఖ్యకు నాన్న దీవెనలు.

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. తండ్రికి ఇలాగేనా రాసేదని మీ అమ్మ మీద ఎగిరాను. మీ అమ్మ ఉత్తరం తీసుకుని చదివి, “ఇందులో అబద్ధం ఏదో చూపించు, నేనే దాన్ని తిడతా” అంది. రెండు రోజులు వెతికాను. కనబడలేదు.

ముందు నీ మిషను సంగతి. నాకు కంప్యూటరు తెలియదు. అయినా ఒకటి అడుగుతాను. తెర మీద యాభై ఎనిమిది అంటున్నదే, అది ఎక్కడ కొలిచి చెబుతోంది? కొలిచిన చోట బాగుంటే, కొలవని చోట ఏమవుతోందో చూశావా? పత్తి గుట్టకి పైన చెయ్యి పెడితే ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. మోచేతిదాకా దూరిస్తేనే సంగతి తెలుస్తుంది. అంకెని నమ్మి కూర్చోకుండా చేత్తో వెతుకు. ప్లగ్గు పీకేసి వెతుకు, లేకపోతే షాకు కొడుతుంది.

ఇంతవరకు రాసి, ఈ తెలివి నాకెప్పుడు వచ్చిందా అని ఆలోచించాను. ఆ ఏడు నువ్వు చెప్పాక వచ్చింది. అంతకుముందు నేను గుట్ట పైపైనే తడిమి చూసి పోయేవాణ్ణి. ఆ మరుసటి ఏడాది నుంచి ప్రతి గుట్టలోనూ మోచేతిదాకా చెయ్యి పెడుతున్నాను. ఇప్పుడు ఊళ్ళో ఎవరి ఇంట పత్తి పోసినా, “రామాంజనేయుల్ని పిలవండిరా, చెయ్యి పెడితే చెప్పేస్తాడు” అంటారు. నేనూ పెద్దమనిషిలా వెళ్ళి చెప్పి వస్తున్నాను. అది నీ దగ్గర నేర్చుకున్నానని ఒక్కడికీ చెప్పలేదు. నిన్ను దోషిని చేసి, నీ విద్యతోనే పేరు తెచ్చుకున్నాను.

పట్టా కట్టించింది నేనే. తడి పత్తి కలిపించింది నేనే. కొనేవాడు నలుగురి ముందు “వ్యవసాయం చేతగాదా” అంటుంటే సిగ్గేసి, ఎదురుగా నువ్వు కనబడితే నీ మీద తోసేశాను. తర్వాత సరిదిద్దుకుందాం అనుకున్నాను. సరిదిద్దడం కంటే నవ్వించడం తేలిక అయింది.

ఒక్కణ్ణే చదువుకోమన్నావు. ఆ మాట నిలబెట్టుకోలేదు. ఇవాళ పొద్దున పిచ్చయ్య టీకొట్టు దగ్గర అందరూ ఉండగా నీ ఉత్తరమూ, ఈ ఉత్తరం ఇంతవరకూ గట్టిగా చదివాను. అంకమ్మరావు నవ్వలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి, “తొమ్మిదేళ్ల నుంచీ మాచేత ఆ పిల్లని అనిపించావేంట్రా!” అని నా మీదికే లేచాడు. అక్కడినుంచే మేస్త్రికి ఫోను చేసి పత్తి మాడ్చింది నేనేనని చెప్పాను. స్పీకర్లోనే పెట్టాను.

మీ నాన్న,
రామాంజనేయులు


నల్లపాడు,
మార్చి 21.

నాన్నకు, కోపం సగమే తగ్గిన అలేఖ్య రాస్తున్నది.

నీ ఉత్తరం వచ్చిన రోజే మిషను మళ్ళీ నడిపాను. నాలుగో గంటలో ఆగింది. వెంటనే ప్లగ్గు పీకి మూత తీసి, తెర మీది అంకె ప్రాసెసరుది ఒక్కదానిదే కదా అని, దాని చుట్టూ వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. ప్రాసెసరు పక్కనే నల్లగా, చింతగింజల్లా వరసగా కొన్ని ముక్కలుంటాయి. దానికి కరెంటు అందించేవి అవే. వాటి మీద వేడి లాగే రేకు లేదు, వాటివైపు గాలి లేదు, వాటి వేడి ఏ తెరా చూపించదు. అక్కడ వేలు పెట్టానో లేదో చుర్రుమంది. బొబ్బ లేచింది. కాబట్టి అంకమ్మరావు బాబాయికి చెప్పు, ఈసారి మాడింది నా వేలు ఒక్కటే.

పాడైపోయిన మరో కంప్యూటరు డబ్బాలోంచి చిన్న ఫ్యాను ఊడదీసి ఆ ముక్కల మీదికి గాలి కొట్టేలా పురికొసతో కట్టాను. పొద్దున ఐదింటికి మొదలుపెడితే ఎక్కడా ఆగకుండా మధ్యాహ్నం రెండింటికి బొమ్మ పూర్తయింది. తొమ్మిది గంటలు. నిన్న అల్లాబక్షు మేస్త్రి వచ్చి చూశాడు. గుంటూరు షాపంత తొందరగా కాలేదుగాని, మెట్ల మీద పడే ఎండ సరిగ్గా వచ్చిందని చాలాసేపు దాన్నే చూశాడు. మిగిలిన పదకొండు ఇళ్ళ ప్లాన్లు బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

నువ్వు అతనికి ఫోను చెయ్యడం నాకు నచ్చలేదు. ఒక్కడివే చదవమన్నది టీకొట్టులో చదవడం అసలు నచ్చలేదు. నేను వెనక్కి తీసుకోమన్నది నీ మాట ఒక్కటే, నా ఉత్తరాన్ని ఊరందరికీ వినిపించమనలేదు. నీకు ఏదీ నెమ్మదిగా చెయ్యడం రాదు. అయినా చదివావు కదా, ఎక్కడా ఆగకుండా చదివావని అమ్మ చెప్పింది.

మొదటి ఉత్తరంలో ఒకటి రాయలేదు. రాస్తే నువ్వు పట్టుకుంటావని భయపడ్డాను. ఆ కథ నీ నోట అన్నిసార్లు విన్నాక, నాకే అనుమానం వచ్చేసింది నాన్నా. ఆ సాయంత్రం నిజంగా నేనే గంపెడు తడి పత్తి తెచ్చి పోశానేమో, మరిచిపోయానేమో అని. పోస్తున్నట్టు కళ్ళకు కనిపించేది కూడా. ప్రాసెసరు స్పీడు పెంచిన ప్రతిసారీ అన్ని అంకెలు నోటుబుక్కులో రాసుకోవడం జాగ్రత్త వల్ల అనుకున్నావా? నన్ను నేను నమ్మలేక రాసుకున్నాను. నీ ఉత్తరంలో “తడి పత్తి కలిపించింది నేనే” అన్న చోట వేలు పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

ఆదివారం వస్తాను. పొద్దున్నే వసారా ఖాళీగా ఉన్నప్పుడు కాదు. అందరూ వచ్చి కూర్చున్నాక వస్తాను.

నీ కూతురు,
అలేఖ్య