కళాయి పూసిన తాంబాళం

మార్చి 1, శనివారం
నా బిడ్డ రాజికి కొలువు వచ్చింది! పక్కూళ్లో దొరల గడిని, కోటలాంటి ఆ పాత ఇంటిని, మ్యూజియం చేశారు, అందులో పాత సామాను చూసుకునే పని. మూడు నెలలు చూసి పర్మినెంట్ చేస్తారట. కనబడిన వాళ్లందరికీ చాయ్ తాగించాను. నవ్వీ నవ్వీ దవడలు నొస్తున్నాయి.

మార్చి 9, ఆదివారం
వెళ్లి చూసొచ్చాను. అద్దాల పెట్టెలో పెద్ద రాగి తాంబాళం — దొరల ఇంట బంతికి అన్నం వడ్డించినది. లోపలి కళాయి పూత పోయి నల్లగా, అన్నీ గీతలే. ప్రాణం ఉసూరుమంది. కళాయి పూసే ఈ నర్సయ్య బిడ్డ పనిచేసే చోట ఇట్లాంటి గిన్నెనా?
"రాగి కక్కుతది బిడ్డా, అన్నం చేదైతది..."
"అండ్ల ఎవరు తింటరు బాపూ!" పకపకా నవ్వింది.
అటక మీద కళాయికి కావలసిన తగరం ముక్క, నవాసాగరం దొరికాయి. రాజికి చెప్పను. చూసి మురిసిపోవాలి.

మార్చి 10, సోమవారం
మ్యూజియానికి సెలవు. సామాను సంచిలో వేసుకుని రాజి వెంట వెళ్లాను. ఫోటో కోసం తాంబాళం బయట పెట్టింది. "ఆఫీసుల తాళాలిచ్చొస్త. జర చూస్తుండు బాపూ."
గడి పెరట్లో మూడు ఇటుకలు, బొగ్గులు. కరిగిన తగరం మీద దూదితో ఒక్క తుడుపు — పని మాని ఇరవై ఏళ్లయినా చెయ్యి మరవలేదు! వెండిలా మెరిసింది. అందులో నా మొహం, నా నవ్వు.
రాజి వచ్చింది. చూసింది.
"ఏం జేసినవ్ బాపూ..."

మార్చి 11
ఆ గీతలే దాని విలువట. తరతరాలుగా వడ్డించిన వాళ్ల గరిటెలు గీసినవట. "గా గీతల కోసమే అద్దాలల్ల పెట్టినం. ఇగ గిది బజార్ల గిన్నె" అన్నాడట మ్యూజియం పెద్దసారు.

మార్చి 12
మిగిలిన తగరం, నవాసాగరం మళ్లీ అటక మీద పడేశాను.

మార్చి 14
ఇవాళ తెలిసింది. కళాయి తనే పూసిందని కాగితం రాసిచ్చిందట రాజి. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. కొలువులో ఉంచేదీ తీసేదీ సోమవారం పెద్దసారు తేలుస్తాడట. నా చేతులను నేనే చూడలేకపోతున్నాను.

మార్చి 16
గోకితే పోతుందా కళాయి? పోతుంది. ఆ గీతలు మాత్రం రావు...

మార్చి 17, సోమవారం
తెల్లారగానే సారుకు కాగితం రాశాను. పూసింది నేనే అని. ఇస్తే బిడ్డ అబద్ధం బయటపడుతుంది. ఇవ్వకపోతే తప్పంతా దాని మీదే.
"పొద్దుగాల్నే తెల్లంగి ఎందుకు తొడిగినవ్ బాపూ?"
"ఊకెనే."
"జేబుల ఏంది?"
జేబు మీద చెయ్యి పెట్టుకున్నాను. సగం అల్లిన జడతో తలుపుకు అడ్డంగా నిలబడింది. బయట గడికి పోయే బస్సు హారన్ కొడుతోంది...