నీళ్ళ సూది

కామారెడ్డి
1941 మే, గురువారం

మా అక్క భూదవ్వకు, తమ్ముడు సిద్ధిరాములు తల ఎత్తలేక రాసుకుంటున్న ఉత్తరం.

ముందుగా దీన్ని చదివి వినిపించే నర్సింహులు పంతులుగారికి ఒక మనవి. అక్కను లోపలి అర్రలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి చదవండి. ఇది అక్కకు తప్ప ఎవరికీ తెలియకూడదు. మధ్యలో ఆమె తిట్టినా, ఏడ్చినా ఆపకండి. ఆపితే మళ్ళీ రాసే ధైర్యం నాకు రాదు.

అక్కా, పోయిన మంగళవారం నేను ఎల్లారెడ్డి వచ్చి కూడా నీ గడప తొక్కకుండా పోయానని నీకు ఈపాటికి ఎవరో చెప్పే ఉంటారు. గాంధారి వైపు పశువులకు పెద్దరోగం తగిలిందని మా గొడ్ల దవాఖానకు కబురొచ్చింది. నోరు పూసి, పారుడు పట్టి, వారం తిరగకుండా పశువును మింగే రోగం. అది మీ వైపు రాకముందే మీ వాగు కింది లంబాడీ తండాలో గొడ్లన్నిటికీ టీకా వేసి రమ్మని డాక్టరు దొర నన్ను పంపాడు. తండాలో భీక్యా లేడూ, వాడు నన్ను అడుగు పెట్టనివ్వలేదు. "నీ అక్క ఆవునే బతికియ్యలే నీ సూది. మా గొడ్లకేం జేస్తది? వచ్చిన తొవ్వనే పో" అన్నాడు. వాడికి చెప్పాల్సిన జవాబు నా దగ్గర ఉంది. చెప్పే దమ్ము లేదు. సైకిలు తిప్పుకొని నీ ఇంటి ముందు నుంచే వచ్చాను. నువ్వు వాకిట్లో జొన్నలు చెరుగుతున్నావు. నేను మొహం అవతలికి తిప్పుకున్నాను.

ఆ జవాబు నీకు చెబుతాను. నీ చుక్కావుకు నేను టీకా వేయలేదు.

పోయిన ఎండాకాలం మీ ఊరికి వచ్చిన రోజు గుర్తు తెచ్చుకో. ఏటా చేసే పనే. ఇంటింటికీ పోయి గొడ్ల పండ్లు, నాలుక, గిట్టలు చూడటం, ఆ తర్వాత మెడ మీద సూది. మందు హైదరాబాదు నుంచి మంచులో పెట్టుకొని రైల్లో వస్తుంది. లెక్కగా ఇస్తారు. మన ఇంటి పెళ్ళిళ్ళలో ఇంటివాళ్ళం చివరి బంతిలో కూర్చుంటాం కదా, నేనూ అలాగే నా సొంత అక్క ఇల్లు చివరికి ఉంచుకున్నాను. ముందు నీ ఇంటికి వస్తే నేను సర్కారు మందు నా వాళ్ళకే వేశానంటారని. నీ వాకిట్లోకి వచ్చేసరికి సీసా అడుగంటింది. అప్పటికే బాలమల్లు బావ ఆవును కడిగి, కొమ్ములకు పసుపు రాసి, ఇరుగుపొరుగును పిలిచి నిలబెట్టాడు. "చూడుండ్రి, మా బామ్మర్ది సూది ఎట్లేస్తడో" అంటున్నాడు. మందు అయిపోయింది బావా, వచ్చే నెల తెస్తాను అంటే సరిపోయేది. అంతమందిలో బావ మొహం చిన్నబోతుందని, నా సర్కారుతనం తేలిపోతుందని, సూదులు కడగడానికి కాచిపెట్టుకున్న నీళ్ళు ఎక్కించి పొడిచాను. ఆవు ఉలిక్కిపడితే నీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అదే ఆవు పాలతో నాకు పాయసం చేసి పెట్టావు, తిన్నాను.

నెలకు మందు వచ్చింది. కానీ ఒకసారి వేసిన ఆవుకు మళ్ళీ ఎందుకు వేస్తున్నావని బావ అడిగితే ఏం చెప్పాలి? రేపు, ఎల్లుండి అనుకుంటూనే కార్తీకం వచ్చింది, చుక్కావు పోయింది. అవ్వ నీ పెళ్ళికి అరణంగా ఇచ్చిన ఆవు కడుపున పుట్టిన దూడ అది. నీ చేతి ముద్దలు తిని పెరిగింది. నేను పరుగెత్తుకొచ్చి నీ పక్కన కూర్చొని, "కొన్ని ఒళ్ళకు మందు పట్టదు అక్కా" అని ఇంకో అబద్ధం ఆడాను. నువ్వు నన్నే ఓదార్చావు. "నీ చేతుల ఏముంది తమ్మీ, ఊకో" అని నా వీపు నిమిరావు. ఆ చెయ్యి నా వీపు మీద పడినప్పుడు భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

ఊళ్ళో మందు పడిన గొడ్లన్నీ బతికాయి. కానీ జనం అది పోచమ్మ దయ అనుకుంటున్నారు. నీ ఆవు చావును మాత్రం నా సూది ఖాతాలో వేశారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. వచ్చే బుధవారం మళ్ళీ తండాకు పొమ్మని డాక్టరు దొర హుకుం. నిజం చెప్పకపోతే వాళ్ళు సూది వేయించుకోరు. వేయించుకోకపోతే ఆ గొడ్లు దక్కవు. నేనేమో ఆ రోజుకు జ్వరమని సెలవు చీటీ రాసి జేబులో పెట్టుకొని తిరుగుతున్నాను. ఇంత పిరికివాణ్ణి నీ తమ్ముడినని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. ఏం చేయాలో నువ్వే చెప్పు.

నీ వాకిలి తొక్కే అర్హత లేని,
సిద్ధిరాములు

———

ఎల్లారెడ్డి
సోమవారం

తమ్ముడు సిద్ధిరాములుకు, నీ అక్క భూదవ్వ దీవించి, కోపం కూడా దాచుకోకుండా, పంతులుగారి చేత రాయిస్తున్న ఉత్తరం.

నేను చెప్పేదాన్ని పంతులు పుస్తకాల భాషలోకి మార్చి రాస్తున్నాడు. కొన్ని మాటలు మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను. మొదటిది ఇది: "నీ నోట్ల మన్ను వడ, ఒక్క మాట చెప్తే ఏం పోయేదిరా?"

తలుపు వేసే చదివించుకున్నాను. ఒక పూట అన్నం ముట్టలేదు. ఆవు పోయినందుకు కాదు, అది ఎప్పుడో ఏడ్చేశాను. నువ్వు నా చెయ్యి వీపు మీద వేయించుకొని కూడా నిజం చెప్పలేదు చూడు, అందుకు. బావకు చెప్పాను. ఆయన అప్పటి నుంచి రాత్రిళ్ళు చేను దగ్గరే పడుకుంటున్నాడు.

ఇప్పుడు నా సంగతి విను. ఇది నేను నీకే కాదు, నా మొగుడికీ చెప్పలేదు. చుక్కావు నెమరు మానేసిన రోజే నాకు తెలిసింది. కళ్ళు కారాయి, నోట్లో పుండ్లు లేచాయి. పెద్దరోగం అని ఎవరూ చెప్పనక్కర లేదు. పదిమందికీ తెలిస్తే నా తమ్ముడి సూది ఉత్తదంటారని, నీ నౌకరీకి మాటొస్తుందని, దాన్ని వెనక కొట్టంలో కట్టేసి, అజీర్తి అని చెప్పి అల్లం నూరి పోశాను. ఇంట్లో కుడితి ముట్టకపోతే నాలుగు రోజులు వాగుకు తోలుకుపోయి నీళ్ళు తాపాను. ఆ వాగు కిందనే తండా గొడ్లు నీళ్ళు తాగుతాయి. పది దినాలకు భీక్యా ఎడ్లు రెండూ పోయాయి. వాడి పెండ్లాం దేవ్లి పాలావు పోయింది. తండాలో మొత్తం ఏడు. నువ్వు ఒక ఆవును పోగొట్టావు తమ్మీ, నేను ఏడింటిని పోగొట్టి, ఏమీ ఎరగనట్టు వాళ్ళను పలకరించి వచ్చాను.

నిన్న నీ ఉత్తరం పట్టుకొని, పంతులును వెంటబెట్టుకొని తండాకు పోయాను. ఎవరికీ తెలియకూడదన్నావు. నీ మాట తీసేశాను, కోపం వస్తే రానీ. అందరి ముందూ చదివించాను. తర్వాత నా సంగతి నా నోటితోనే చెప్పాను. ఒక ముసలామె నా కాళ్ళ ముందు ఉమ్మింది. పడాల్సిందే.

భీక్యా ఏమన్నాడో తెలుసా? వాళ్ళు గొడ్లు చల్లగుండాలని ఏటా సీత్లా పండుగ చేసి మేకను కోస్తారు కదా. పోయిన ఏడాది మేకను తెచ్చే వంతు వాడిదట. ఆలస్యంగా తెచ్చాడట. "ఆర్నెల్ల సంది నా తప్పుకే తండ గొడ్లు సచ్చినయని తింటలేను, పంటలేను. నా అన్నదమ్ములు నా తోటి మాట్లాడుత లేరు" అని, మగవాడు, అందరి ముందూ తలకాయ మోకాళ్ళలో పెట్టుకొని ఏడ్చాడు. మనిద్దరం దాచుకున్న సిగ్గును వాడొక్కడే మోశాడు తమ్మీ.

చివరికి దేవ్లి లేచింది. ఆమె మాట పంతులు మార్చకుండా రాస్తున్నాడు: "సూది ఏపిస్తం. గని ఏసి సైకిలెక్కి పోతనంటె నడువది. పది దినాలు గీన్నే ఉండాలె. గొడ్లకు జరమొస్తె మాతోని ఉండాలె, మేం తిన్నదే తినాలె. ఏదన్న సస్తె మా మొగం సూసుకుంట నిలవడాలె." వాళ్ళ ఇళ్ళలో మనవాళ్ళు ఎవరూ తినలేదని నాకు తెలుసు. బావ ఏమంటాడో కూడా తెలుసు. అయినా నిన్ను అడగకుండానే సరేనన్నాను. దేవ్లికి నా మాట మీద నమ్మకం కుదరలేదు. నేనూ వచ్చి ఉంటానన్నాను.

ఆ సెలవు చీటీ చింపెయ్యి. బుధవారం గొడ్లను మేతకు తోలకుండా కట్టేసి ఉంచుతామన్నారు. తండా చివర గుడిసె ఒకటి ఊడ్చి, రెండు చాపలు పరిచి పెట్టారు. ఒకటి నాది.

నీ అక్క,
భూదవ్వ (వేలిముద్ర)