ఎదురెదురు గొట్టాలు, గుల్జార్‌బీ దుప్పటి

పులివెందుల,
కాలేజీ హాస్టలు.

నాయనకు సుధారాణి నమస్కారాలు.

ఫోన్లో చెబితే బట్టీ చప్పుడులో సగం వినకుండానే "సరేమ్మా" అని పెట్టేస్తున్నావు. జాబైతే పక్కింటి గుల్జార్‌బీ అత్త చేత రెండుసార్లు చదివించుకుంటావని రాస్తున్నాను.

పొగ ఆగకపోతే మన బొరుగుల బట్టీ మూయిస్తామని మునిసిపాలిటీ వాళ్లు అన్నారట. అమ్మ ఏడ్చింది. నాయనా, నేను ఎం.టెక్.లో చదివేది సరిగ్గా ఇదే. బట్టీలో మనం మండించే చెనిక్కాయ పొట్టు పూర్తిగా కాలకుండా తప్పించుకుంటే అదే పొగ. మంట పైన గాలి బాగా కలిస్తే ఆ పొగ కూడా కాలిపోతుంది. చిన్న ఫ్యాను నుంచి రెండు ఇనుప గొట్టాలు తీసి, బట్టీకి రెండు పక్కలా, మంటకు జానెడు పైన ఎదురెదురుగా పెట్టించు. రెండు గాలులూ నడిమధ్యలో గుద్దుకోవాలి. ఇక్కడ గాజుపెట్టెలో రంగునీళ్లతో చేసి చూశాను.

నీ కూతురు,
సుధారాణి

తా.క.: అత్తా, పొగ మీద మునిసిపాలిటీకి అర్జీ పెట్టింది నువ్వేనని తెలుసు. అయినా జాబు ఉన్నదున్నట్టు చదువు.

జమ్మలమడుగు.

సుధారాణికి నాయన నాగేంద్ర దీవించి రాయించేది.

ఈడ అందరం బాగుండాం. ప్రొద్దుటూరుకు పోయి ఫ్యాను, గొట్టాలు తెచ్చినా. బిగించేముందు జనార్దనం స్వామికి వాస్తు చూపించినా. నైరుతి బరువుగా ఎత్తులో ఉండల్ల, ఈశాన్యం తేలిగ్గా పల్లంలో ఉండల్ల అన్నాడు. అట్లే నైరుతిలో లావు గొట్టం పైకి, ఈశాన్యంలో సన్న గొట్టం కిందికి పెట్టినా. చూసేకి శానా లక్షణంగా ఉంది. పొగ మాత్రం ముందుకన్నా ఎక్కువొస్తాంది.

ఇట్లు,
మీ నాయన

తా.క.: ఇది గుల్జార్‌బీ రాసేది. మీ ఈశాన్యం పక్కనుండేది మా ఇల్లే. మిద్దె మీద ఆరేసిన తెల్ల దుప్పటి ఉతికేకొద్దీ నల్లగవుతాంది. ఈ మాట మీ నాయన రాయమనలే.

పులివెందుల.

ప్రియమైన నాయనకు,

బట్టీకి వాస్తు ఉంటే ఉండొచ్చు, గాలికి లేదు. లావు గొట్టం గాలి సన్నదాన్ని తోసేసి ఎదుటి గోడకు తగులుతోంది. ఇంక కలిసేదెక్కడ? రెండూ ఒకే లావు, ఒకే ఎత్తు, ముక్కుకు ముక్కు సూటిగా ఉండాలి. ఏ ఒక్కటి గెలిచినా మనం ఓడిపోతాం. మునిసిపాలిటీ వాళ్లు తనిఖీకి వచ్చేలోగా మార్చు.

నీ సుధారాణి

తా.క.: స్వామికి బొరుగులు కట్టివ్వు. బట్టీ దగ్గరికి మాత్రం రానివ్వద్దు.

జమ్మలమడుగు.

తల్లీ సుధా,

మార్చినా. రెండూ కవలపిల్లల మాదిరి ఉండాయి. ముట్టించి ఫ్యాను వేస్తే లోపల బుస్సుమని కొట్లాడుకుంటాండాయి. మీ అమ్మ బెదిరిపోయింది. మన తట్టు ఇద్దరు ఎదురుపడి కొట్లాడతాంటే ఊరికే చూస్తామా? నడుమ పెద్దమనిషి నిలబడల్ల గదా! నిలబెట్టినా, ఒక ఇటుకను. ఇప్పుడు యా గాలికి ఆ గాలి మర్యాదగా పక్కకు పోతాంది. పొగ మాత్రం పోలేదమ్మా.

మీ నాయన

తా.క.: మీ అమ్మ ఇటుకకు పసుపు కుంకుమ గూడా పెట్టింది. అది చూసి నేను నగలేదు. కొంచెం నగినా. – గుల్జార్‌బీ

పులివెందుల.

నాయనా,

ఆ పెద్దమనిషిని వెంటనే బయటికి పంపించు! మనకు రాజీ వద్దు. రెండు గాలులూ గుద్దుకున్న చోట ఏదీ ముందుకు పోలేక, చుట్టూ విప్పారి సుడులు తిరుగుతాయి. ఆ సుడుల్లోనే పొగా గాలీ కలిసి మండుతాయి. నువ్వు బొరుగుల్లో కారం ఎట్లా కలుపుతావు? రెండు చేతులూ ఎదురెదురుగా తెచ్చే కదా! మధ్యలో ఇటుక పెట్టుకుంటావా?

మా సారు గాజుపెట్టె చూసి, "నీళ్లలో సరే, నిజమైన మంటలో ఎవరు చేసి చూపిస్తారు?" అన్నారు. "మా నాయన" అన్నాను.

సుధారాణి

తా.క.: ఇటుక కుంకుమ సంగతి సారుకు చెప్పలేదు.

జమ్మలమడుగు.

మా ఇంటి ఇంజినీరుకు,

ఇటుక తీసేసినా. ముట్టించి పొగగొట్టం తట్టు చూస్తే ఏమీ లేదు. మంట ఆరిపోయిందేమో అనుకున్నా. వంగి చూస్తే ధగధగా మండుతాంది! తనిఖీ సార్లొచ్చి, పొగ లేదు కాబట్టి బట్టీ మూసేసినారని రాసుకుని పోతాండారు. పిలిచి వేడి బొరుగులు చేతిలో పోసినా. అప్పుడు నమ్మినారు.

ఒగటే చిక్కు. పొగ చూసే గదా బట్టీ ఎలిగిందని జనం వచ్చేది. ఇప్పుడు ఒక్కరూ రాలే. "కొంచెం పొగ పెడదామా?" అంది మీ అమ్మ. "నా బిడ్డ చదివి తీసేసిన పొగను నేను మళ్లీ తెచ్చేదా?" అన్నా.

ఇట్లు,
నీ నాయన

తా.క.: ఉపాయం నాది. బట్టీ ముట్టించినప్పుడంతా మా మిద్దె మీద తెల్ల దుప్పటి ఆరేస్తాండా. దాన్ని చూసి జనం వస్తాండారు. సాయంత్రం తీసేటప్పుడు గూడా తెల్లగానే ఉంటాంది. మీ సారు నమ్మకపోతే వచ్చి చూసుకోమను. – గుల్జార్‌బీ