కుడి చేతి కొలత

చిరంజీవి చిన్నోడికి అమ్మ ఆశీస్సులతో రాస్తున్నది. ఇక్కడ అందరికీ ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ వేళకు తింటున్నావనే అనుకుంటాను.

నాన్న కళ్లజోడు గురించి అడిగావు. కొత్తది వచ్చింది, అయినా పేపరు చెయ్యి చాచే చదువుతున్నారు. నా కుట్టుమిషనుకు మోటారు పెట్టించాను. మోకాళ్లకు సుఖంగా ఉంది.

ఇక నీ గోల్ఫ్ కర్రల సంగతి. దుకాణంలో దొరికేవి చాలునా, కొలతలిచ్చి చేయించుకోవాలా అని అడిగావు. నలభై ఏళ్లుగా జనానికి కొలతలు తీసి బట్టలు కుడుతున్నదాన్ని, చేయించుకోమని ఒక్క ముక్కలో రాసేద్దామనుకున్నాను. నీ ఉత్తరం రెండో పేజీ చదివాక ఆ ఒక్క ముక్క రాయలేకపోయాను.

కొలతలు తీసే ఆయన నీ కుడి అరచెయ్యి పైకి తిప్పమంటే అది సగంలోనే ఆగిపోయిందని రాశావు. చిన్నప్పుడు ఈ చెయ్యి విరిగిందా అని ఆయన అడిగితే లేదని నవ్వేశావట. నీ బంతి ఎప్పుడూ పక్కకే పోవడానికి కారణం అదేనన్నాడట. కర్రలు అమ్ముకోవడానికి కథ చెబుతున్నాడేమో అని నీ అనుమానం.

ఆయన కథ చెప్పలేదు నాన్నా. చెప్పింది నేను.

నీకు ఏడాదిన్నర వయసులో ఆ చెయ్యి విరిగింది. అక్క ఎత్తుకోబోయి పడేసిందని ఇంట్లో అందరూ నమ్మారు. ఆరేళ్ల పిల్ల తెలియక చేసిందని, ఆ మాట నీ దగ్గర ఎత్తవద్దని నాన్న గట్టిగా చెప్పారు. చేతిరాత బాగాలేదని నిన్ను మాస్టరు తిట్టినప్పుడల్లా అక్క నీ హోంవర్కు రాసిపెట్టేది, గుర్తుందా?

అసలు జరిగింది వేరు. తొందర పని మీద ఉండి నిన్ను గుడ్డలు కత్తిరించే బల్ల మీద కూర్చోబెట్టాను. ఎవరో పిలిస్తే గుమ్మం దాకా వెళ్లాను. చప్పుడు విని తిరిగొచ్చేసరికి, పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చిన అక్క నిన్ను నేల మీంచి ఎత్తుకుని నిలబడి ఉంది. ఆసుపత్రిలో నాన్న ఎలా జరిగిందని అడిగారు. "పాప పడేసింది" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుందామనుకుంటూనే ముప్పై రెండేళ్లు గడిపాను. పడేసింది తనేనని అక్క కూడా నమ్మేసింది.

నీ ఉత్తరం అందిన రోజే అక్కను పిలిపించి, నాన్న ఎదుట అంతా చెప్పాను. నాలుగు రోజులైంది, నాన్న ఇంకా నాతో మాట్లాడడం లేదు. అక్క ఏడవలేదు. ఇంతే అంది:

"నా పిల్లలిద్దర్నీ ఎప్పుడూ నిలబడి ఎత్తుకోలేదమ్మా. పడేస్తానేమోనని. ఏడిస్తే నేల మీద కూర్చుని ఒళ్లోకి తీసుకునేదాన్ని. నువ్వు చూశావుగా."

చూశాను. నడుం నొప్పేమో అనుకుని ఊరుకున్నాను. ఎందుకలా అని ఒక్కసారీ అడగలేదు.

వెళ్లేటప్పుడు అక్క గుమ్మంలో నిలబడి, వెంట తెచ్చుకున్న తన చిన్నదాన్ని ఎత్తుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల, కాళ్లు అక్క మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. సిగ్గేస్తోంది, దించమని పిల్ల గొడవ చేస్తున్నా దించకుండా వీధి మలుపు దాకా నడిచింది.

కర్రలు కొలతలిచ్చే చేయించుకో. చెయ్యి విరిగిన మాట నిజమేనని ఆయనకు చెప్పు. అక్క నీకు ఫోను చేస్తానంది. ముందు తనను మాట్లాడనివ్వు. నన్ను ఏమన్నా అనాలనుంటే తరువాత అందువుగాని, పడతాను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ